మిషను పేరు ముందు రాసే సారు

దెబ్బల సారు పోయాడని నాకు మడకశిర బస్సులో తెలిసింది. నా పక్క సీట్లో వచ్చి కూర్చున్న నాగన్న, టిక్కెట్టు కూడా తీసుకోకముందే, "మన దెబ్బల సారు పోయినాడంటన్నా, తెల్లారుజామున" అన్నాడు. ముందు సీట్లో ఉన్నామె వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. దెబ్బల సారంటే పిల్లల్ని బాదే పంతులనుకుని ఉంటుంది. పోతే పోయాడు, పీడ వదిలింది అనుకుంది కాబోలు. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆ పేరు పెట్టిన వాడి మీద. ఆ పేరు పెట్టిన వాణ్ణి నేనే.

ఆయన బతుకులో ఎవర్నీ కొట్టి ఎరగడు. మా గ్రానైట్ ఫ్యాక్టరీలో దెబ్బలు రాసేవాడు, అంతే. గేటు పక్కన ఒక చిన్న గది. అందులో ఒక టేబులు, దూదీ గుడ్డపట్టీలూ అయోడిన్ సీసా ఉన్న రేకు పెట్టె, ఒక పొడుగాటి రిజిస్టరు. పనిలో ఎవరికి ఏం తగిలినా దాన్లో ఎక్కాలి. తగిలినవాడు రెండు రోజులైనా పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు కాగితం పంపాలి. ఇది చట్టం. అన్ని ఫ్యాక్టరీల్లోనూ ఇలాంటి రిజిస్టరు ఉంటుంది. చాలాచోట్ల అది పెళ్లి పట్టుచీరలాగా బీరువాలో మడత నలగకుండా ఉండి, తనిఖీ నాడు మాత్రం బయటికొస్తుంది. మా దాంట్లో సిరా తడి ఆరిన రోజు లేదు.

సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. కళ్లజోడు ఒక వైపు కరెంటు తీగతో కట్టి ఉండేది. కొత్తది కొనుక్కోమంటే, "చూపు బాగనే ఉండాది గదప్పా, కట్టుకే జబ్బు" అనేవాడు. మనిషి ఎదురైతే మొహం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. అందరూ బాగుండావా అని అడుగుతారు. ఆయన "ఏమప్పా, చేతులు బాగుండాయా?" అని అడిగేవాడు. ఒకసారి మా ఇంటికొచ్చి వాకిట్లో పేడ కలుపుతున్న మా ఆవిణ్ణి కూడా అదే అడిగాడు. పాపం, ఆమె గబుక్కున రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. చీరంతా పేడయింది. ఆయన వెళ్లాక నన్ను నాలుగు తిట్టింది.

రాసే ముందు ఆయన చేతులు కడుక్కునేవాడు. తుండుతో వేలు వేలూ తుడుచుకుని, పేజీ మీద ఉఫ్ అని ఊది, అప్పుడు కలం తీసేవాడు. మా ఫ్యాక్టరీలో పేజీ తెరిచిన నిమిషానికి దానిమీద రాతిపొడి పేరుకుంటుంది మరి. తేదీ వేశాక మిషను పేరు రాసేవాడు. దాని తర్వాత ఆ మిషను దగ్గర ఏం జరిగిందో రాసేవాడు. దెబ్బ తగిలిన మనిషి పేరు అన్నిటికంటే చివర. ఇదేం వరస అని నేనొకసారి అడిగాను.

"మనిషి పేరు ముందు రాస్తే, చదివేటోళ్లు మనిషిని తిడతారప్పా" అన్నాడు. "మిషను పేరు ముందు రాస్తే మిషను కాడికి పోయి చూస్తారు."

ఆయనకు ముందున్న గుమాస్తా కారణం అన్న గడిలో రాసి రాసి విసుగొచ్చి, 'కార్మికుని అజాగ్రత్త' అని ఒక రబ్బరు ముద్రే చేయించుకున్నాడు. ఎవరికేం తగిలినా టపీమని ముద్ర. ఈయన వచ్చిన రోజునే ఆ ముద్రను కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దూర్చాడు. తర్వాత అది అక్కడే ఉండిపోయింది. మమ్మల్ని ఎప్పుడూ "ఏంటికట్ల జేస్తివి?" అని అడగలేదు. "ఎట్ల తగిలింది?" అని అడిగేవాడు. ఆ రెండు ప్రశ్నలకూ ఎంత తేడా ఉందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

దగ్గులు కూడా రాసేవాడు. పాలిష్ షెడ్డులో ఎవడైనా వారంపాటు దగ్గితే వాణ్ణి పిలిపించి, ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తున్నావు, నీళ్లు పోసి కోస్తున్నారా ఒట్టిగా కోస్తున్నారా అని అడిగి ఎక్కించేవాడు. "దగ్గు గూడా దెబ్బేనా సార్?" అని మేం పగలబడి నవ్వితే, "దుమ్ము కొట్టిన దెబ్బ గదప్పా, ఊపిరితిత్తికి" అనేవాడు. ఆయన నవ్వేవాడు కాదు.

ఇంత మంచివాడి మీద మాకు కోపమెందుకంటే, ఒక పొట్టేలు వల్ల.

మా ఓనరు ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో చూసొచ్చి, గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టించాడు. 'ప్రమాదం లేని రోజులు' అని పైన రంగుతో రాసి, కింద సుద్దముక్కతో అంకె. ఒక్క దెబ్బ కూడా లేకుండా వంద రోజులు గడిస్తే పొట్టేలు కోసి అందరికీ విందు అన్నాడు. మా వాళ్లలో సగం మంది గొర్రెలు మేపిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లే. ఇక చూడండి. పొట్టేల్ని మేమే ఎంచాం. సంతలో దాని పండ్లు చూసి, వీపు నిమిరి తెచ్చాం. క్యాంటీను వెనక రేకుల కింద కట్టేశాం. డ్యూటీకొచ్చే ప్రతివాడూ ఇంటినుంచి ఒక పిడికెడు శనక్కాయ కట్టె మేత తెచ్చి దానికి వేసి మరీ లోపలికి పోయేవాడు. బోర్డు మీద అంకె పెరిగేకొద్దీ పొట్టేలూ బలిసేది. డెబ్బై దాటాక రోజూ అందరం దాని తొడలు చూసుకుని నడిచేవాళ్లం.

అంకె వందకు చేరిందే లేదు. దెబ్బల సారు చేరనిచ్చేవాడు కాదు. ఎవడికో గోరు లేచిందని రాసేవాడు, బోర్డు సున్నా. ఎవడికో చర్మం గీరుకుందని రాసేవాడు, మళ్లీ సున్నా. "సార్, ఇది చీమ కుట్టినంత గూడా ల్యాదు, ఇడిసిపెట్టండి" అని బతిమాలితే, "రాస్తే ఏం పోతాదప్పా? సిరానే గదా" అనేవాడు. ఆ పొట్టేలుకు ఆయుస్సు పోసింది ఆయనే అని, అది ఆయన్ను చూసి తలూపుతుందని చెప్పుకునేవాళ్లం. ఆయన శాకాహారి కాబట్టే మన నోట్లో మట్టి కొడుతున్నాడని ఒకడు కనిపెట్టాడు. అది పచ్చి అబద్ధం. మూలుగెముకను ఆయన జుర్రినట్టు జుర్రేవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

అందువల్ల మేమొక పద్ధతి పెట్టుకున్నాం. తగిలినవాడు నోరెత్తకూడదు. మిగతావాళ్లు వాడి పని పంచుకోవాలి. బయట ఎక్కడైనా కుట్లు వేయించుకుంటే వేయించుకోవాలి గానీ గేటు పక్క గది వైపు పోకూడదు. ఓనరు చెప్పిందేమీ కాదు, మాలో మేమే చేసుకున్న కట్టడి. ఒకరి దెబ్బ వల్ల అందరి కూర పోకూడదని. ఇంత తెలివితక్కువ ఐకమత్యం ఇంకెక్కడైనా ఉంటుందా అని ఇప్పుడనిపిస్తుంది.

తొంభై ఆరో రోజు నాకు తగిలింది.

నేను మూడో నంబరు కటింగ్ మిషను మీద ఉండేవాణ్ణి. దాని బెల్టు తడికి జారిపోతూ ఉండేది. బెల్టు మీద ఉండాల్సిన ఇనుప మూతను, దాన్నే గార్డు అంటాం, ప్రతిసారీ బోల్టులు విప్పి తీయలేక ఎప్పుడో తీసి పాత ఇనుము కుప్పలో పారేశారు. జారిన బెల్టును మిషను ఆపకుండా చేత్తోనే తోసి ఎక్కించడం మాకు అలవాటు. ఆ రోజు బెల్టుతోపాటు నా కుడిచేతి నడిమి వేలు కూడా చక్రం కిందికి పోయింది. అరిచాననుకుంటాను. నాగన్న పరుగెత్తుకొచ్చి మిషను ఆపి, వేలు బయటికి లాగి, తన తలగుడ్డ చింపి కట్టాడు. "ఇంకా నాలుగే దినాలన్నా, ఓర్చుకో" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా నోటికి ముందొచ్చిన మాట కూడా అదే.

మూడు రోజులు పసుపు అద్దుకుని ఓర్చుకున్నాను. వేలు వంకాయంత అయింది. తొంభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం క్యాంటీనులో చెయ్యి తువాలు కింద దాచుకుని, ఎడమచేత్తో స్పూను పట్టుకుని సంగటి తింటున్నాను. దెబ్బల సారు తన టిఫిన్ డబ్బా పట్టుకుని పోతూ పోతూ ఆగాడు. సంగటి ముద్దను స్పూనుతో పొడుచుకు తినేవాణ్ణి మా సీమలో పసిపిల్ల కూడా నమ్మదు.

"ఎప్పట్నుంచప్పా ఈ దొరతనం?" అన్నాడు.

నేను తలెత్తలేదు. ఆయనే తువాలు పక్కకు తీశాడు. డబ్బా కింద పెట్టి, వేలు దగ్గరగా చూశాడు. తర్వాత, "ఎట్ల తగిలింది?" అన్నాడు.

"ఈడ కాదు సార్. మా చేన్లో. బోరు పైపు ఎత్తుతాంటే మీద పడింది."

చుట్టూ ఉన్నవాళ్లందరూ ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మానేశారు.

"నీ బోరు ఎండిపోయి మూడేండ్లాయ గదప్పా" అన్నాడు ఆయన, చాలా మెల్లగా. "పైపులూ మోటరూ అమ్ముకుంటివి. అందుకే పనికొస్తి సార్ అని చేరిన దినం నాతో నువ్వే చెప్తివి. ల్యాని పైపు ఎట్ల పడుతుంది?"

ఎవడో కిసుక్కున నవ్వాడు. నాకు అవమానం, కోపం, నొప్పి ఒక్కసారే వచ్చాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వినలేదో, విననట్టు ఉన్నాడో. నన్ను తన మోపెడు మీద ఎక్కించుకుని హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు వేలి పైకణుపు తీసేశాడు. ఇంకో రెండు రోజులాగి ఉంటే చెయ్యే తీయాల్సొచ్చేదన్నాడు. సాయంత్రం దెబ్బల సారు ఎక్కడినుంచో అన్నం, పప్పు తెచ్చి, కలిపి, స్పూను నా ఎడమచేతికిచ్చాడు. "ఇప్పుడు తినప్పా స్పూనుతో. రాసేసినాలే" అన్నాడు.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర తొంభై తొమ్మిది చెరిపి సున్నా పెట్టారట. నన్ను చూడ్డానికి నాగన్న తప్ప ఒక్కడూ రాలేదు.

మూడోనాడు ఇన్‌స్పెక్టరుకు కాగితం పోయింది. నాలుగోనాడు మా మేనేజరు బత్తాయిలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మంచంమీద కూర్చుని, మెత్తగానే మాట్లాడాడు. "ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. చేన్లో తగిలిందని చెప్పు. నీ పని నీకుంటుంది. లేదంటే వేలు లేనివాడితో కటింగ్ షెడ్డులో మాకేం పని, నువ్వే చెప్పు." నేను, మరి సారు రాసిన రాత సంగతేమిటన్నాను. "తప్పుడు రాత రాసినాడని ఆయన్ను పంపిచ్చేస్తాం. వయసయిపోయినోడు, ఆయనకేం" అన్నాడు. నేను సరేనన్నాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా, అన్నాను. మూడేళ్లుగా చినుకు సరిగా లేని చేను, ఎండిన బోరు, ఇద్దరు పిల్లలు. ఆ పని పోతే నాకు బెంగుళూరు పోయి ఇటుకలు మోయడమొక్కటే దారి. అదీ ఏ చేత్తో?

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చిన రోజు గేటు పక్క గదిలోనే విచారణ. ఆమె, మేనేజరు, నేను, సారు. ఆమె రిజిస్టరు తెరిచి నా రాత చదివి, నావైపు చూసింది. "ఎక్కడ తగిలింది?"

"చేన్లో మేడమ్" అన్నాను. దెబ్బల సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. నావైపు చూడలేదు.

"తగలడం మీరు చూశారా?" అని ఆమె ఆయన్ను అడిగింది.

"ల్యాదమ్మా. చెయ్యి చూసినా. తర్వాత మిషను కాడికి పోయి చూసినా. బెల్టు మీద గార్డు ల్యాదు. పాత ఇనుములో ఉండాది, ఇప్పుడన్నా పోయి చూడొచ్చు."

"ఆయనే చేన్లో అంటున్నాడు కదా?"

"ఆయప్పకు పని గావాలమ్మా. నేనైనా అట్లనే చెప్పుందునేమో." అని కళ్లజోడు పెట్టుకుని, రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. పేజీలు వెనక్కి తిప్పుతూ వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. "మూడో నంబరు కటింగ్ మిషను, బెల్టు కాడ, గోరు లేచింది. ఇదో, మూడో నంబరే, బెల్టే, తోలు గీసకపోయింది. మళ్లా ఈడ, మూడో నంబరు, బెల్టు, వేలు మీద కోత, రెండు కుట్లు. ఇప్పుడు వేలు పోయింది." ఆయన వేలు చివరి వరస మీద ఆగింది. "ఈ తూరి నేనేం రాయాలమ్మా? చెయ్యి పోయిందని రాయాల్నా?"

ఆ గోరు నాగన్నది. ఆ కుట్లు మా షెడ్డులోనే ఇంకొకడివి. ఆ మూడుసార్లూ బోర్డు సున్నా అయింది. ఆ మూడుసార్లూ ఆయన్ను బూతులు తిట్టినవాళ్లలో ముందున్నది నేను. చీమ కుట్టినంత కూడా లేదన్నది నేను. ఆ పేజీల్లో ఎవరి తప్పూ రాసి లేదు. నా వేలు ఎప్పుడో పోబోతుందని మాత్రం మూడుసార్లు రాసి ఉంది, చదివే తీరిక ఎవరికీ లేకపోయింది.

"ఈడనే మేడమ్" అన్నాను. "ఈడనే తగిలింది. ఆ మిషను మీదనే. పొట్టేలు కోసరం దాచిపెడితి."

పొట్టేలేమిటని ఆమె అడిగింది. మేనేజరు నేలచూపులు చూశాడు. చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె రాసుకుంటూ రాసుకుంటూ మధ్యలో కలం ఆపి, నన్నూ నా కట్టునూ మార్చి మార్చి చూసింది.

మర్నాడే గార్డు బిగించారు. ఈసారి బోల్టులతో కాదు, ఒక్క గొళ్లెం తీస్తే తెరుచుకునేట్టు, తెరిస్తే మిషను ఆగిపోయేట్టు. నల్లబోర్డు తీయించేశారు. నా పని పోలేదు. నన్ను స్టోరులోకి మార్చారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పొట్టేలును ఆయుధపూజ నాడు ఏ షరతూ లేకుండా కోశారు. అప్పటికది ముదిరిపోయి ఎంత ఉడికించినా ఉడకలేదు. అందరం దవడలు నొప్పెట్టేదాకా నమిలాం.

ఆ విందులోనే ఆయన పక్కన కూర్చుని అడిగాను. "సార్, ఆ దినం నేను చేన్లోనే అని పట్టుబట్టింటే ఏం చేస్తుంటిరి?"

"అదీ రాస్తుంటినప్పా" అన్నాడు, ఎముక వదలకుండా.

నామీద కోపం రాలేదా అని కూడా అడగాలనుకున్నాను. ధైర్యం చాల్లేదు. క్షమించమని కూడా అడగలేదు. ఆయన తర్వాత రెండేళ్లు పనిచేసి, కంటి చూపు మందగించి ఊరికి వెళ్లిపోయాడు. పండగలకు ఫోను చేస్తే, బాగుండావా అనకుండా, చేతుల సంగతే అడిగేవాడు.

బస్సు ఫ్యాక్టరీ దగ్గర ఆగగానే నాగన్నా నేనూ దిగి, సెలవు చెప్పి, పాతవాళ్లను నలుగుర్ని పోగేశాం. మూడో నంబరు మిషను మీద ఇప్పుడు పనిచేసేవాడు డ్యూటీ దిగి గేటు దగ్గరికి వస్తున్నాడు. రెండేళ్ల కిందట చేరాడు. పెళ్లయినవాడు, మనిషి దిట్టంగా ఉంటాడు. వాణ్ణి కూడా రమ్మన్నాను.

"నాకు ఆయప్ప ఎవరో గూడా తెలీదు గదన్నా" అన్నాడు.

"తెలియకున్నా రాప్పా" అన్నాను.

సారు ఊరు కన్నడం మాట్లాడే వైపు. ఆయన భార్య మమ్మల్ని చూసి "యారప్పా?" అని, మేమెవరమో కన్నడంలో అడిగింది. ఫ్యాక్టరీ వాళ్లమన్నాం. ఆమె ఏడుస్తూనే మాకు మంచినీళ్లిచ్చింది. ఊరి బయట ఎర్రమట్టి నేల. వాన లేక గుంత తవ్వడానికి గడ్డపార కూడా దిగలేదని తవ్వినవాళ్లు చెప్పుకుంటున్నారు. ఆయన్ను దించాక ఒక్కొక్కరే వెళ్లి మట్టి వేశారు. నా వంతు అయ్యాక నేను పక్కకు వచ్చి నిలబడ్డాను. అప్పటిదాకా నాకు కన్నీళ్లు రాలేదు.

తర్వాత ఆ మూడో నంబరు మిషనువాడు వంగి, రెండు చేతుల నిండా మట్టి ఎత్తి, గుంతలోకి వదిలాడు. చేతులు దులుపుకుని, వేళ్ల సందుల్లో మిగిలిన మట్టి రాలిపోవడానికి రెండు అరచేతులూ బాగా విప్పి విదిలించాడు. పది వేళ్లూ ఉన్నాయి. గోళ్లతో సహా ఉన్నాయి. నేనక్కడే కూలబడి ఏడ్చాను.

వాడు గాభరాగా వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఏమన్నా, నీకు అంత గావాల్సినోడా ఈయప్ప?"

"నీగ్గూడానప్పా" అన్నాను.